చేతికి తెలిసింది మాటల్లో పెట్టడం ఎలా? నాడీ పునరావాసం బోధించేవారి ప్రశ్నలు, జవాబులు

పక్షవాతం, వెన్నుపాము గాయం, పార్కిన్సన్స్ వంటి సమస్యలున్నవారికి ఫిజియోథెరపీ చేయడం ఒక విద్య. దాన్ని ఇంకొకరికి నేర్పడం వేరే విద్య. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఈ రెండో విద్య గురించే. ఒకే విషయం మీద చాలామంది అడిగిన చోట ఉత్తరాలను కలిపి ఒకే ప్రశ్నగా ఇచ్చాం.

ప్రశ్న: నాలుగేళ్లుగా నాడీ రోగుల వార్డులో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. బోధన వైపు వెళ్లాలని ఉంది. ముందు పై డిగ్రీ చేయాలా, ముందు పాఠాలు చెప్పడం మొదలుపెట్టాలా?

జవాబు: అధ్యాపక ఉద్యోగానికి కావలసిన డిగ్రీ ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. కొన్నిచోట్ల మాస్టర్స్ సరిపోతుంది, కొన్నిచోట్ల డాక్టరేట్ అడుగుతారు. మీ దగ్గర వృత్తిని నియంత్రించే సంస్థ నిబంధనలు చూసుకుని దరఖాస్తు చేయండి. బోధన అలవాటు చేసుకోవడానికి మాత్రం డిగ్రీ వచ్చేదాకా ఆగక్కర్లేదు. మీ వార్డుకు వచ్చే విద్యార్థుల్లో ఇద్దరి బాధ్యత అడిగి తీసుకోండి. నాడీ పునరావాస అధ్యాపకుల్లో చాలామంది మొదటి మెట్టు ఇదే.

ఈ మెట్టు మీద మీకొక విషయం తెలిసివస్తుంది. రోగి లేచి నిలబడుతుంటే మీ చెయ్యి దానంతటదే అతని మోకాలి దగ్గరికి వెళ్తుంది. ఎందుకు వెళ్లిందని విద్యార్థి అడిగితే జవాబు వెంటనే నోటికి రాదు. నాలుగేళ్ల అనుభవంలో చెయ్యి నేర్చుకున్నది మాటను దాటిపోయింది. బోధకుడి పని దాన్ని మళ్లీ మాటలోకి తేవడం. ఈ రోజు నుంచే ఒక నోటు పుస్తకం పెట్టుకుని రోజుకు ఒక్క రోగి విషయంలో మూడు వాక్యాలు రాయండి: ఏం చూశాను, దాన్ని బట్టి ఏం అనుకున్నాను, చెయ్యి ఎక్కడ పెట్టాను. ఏడాది తిరిగేసరికి పాఠాలకు కావలసిన సరుకు చాలావరకు అందులోనే దొరుకుతుంది. ఉద్యోగం ఇచ్చేవారికి చూపడానికి మీరు తయారుచేసిన రెండు పాఠ ప్రణాళికలు, ఒక నైపుణ్య పరీక్ష పట్టిక, విద్యార్థులు రాసి ఇచ్చిన అభిప్రాయాలు ఉంచుకోండి.

కొత్త అధ్యాపకులు మొదటి సెమిస్టరులో తరచుగా చేసే తప్పు ఒకటుంది. రెండు గంటల తరగతిలో మెదడు నిర్మాణం మొత్తం చెప్పేయాలని చూస్తారు. ఒక్క దారి తీసుకోండి. మెదడు పైపొర నుంచి వెన్నుపాములోకి దిగే కార్టికోస్పైనల్ దారి ఎక్కడ అటు నుంచి ఇటు దాటుతుందో చెప్పి, అదే దారి మీద మూడు వేర్వేరు చోట్ల గాయం పెట్టి, ఏ చెయ్యి, ఏ కాలు, ముఖంలో ఏ సగం పడిపోతుందో విద్యార్థులతోనే చెప్పించండి. అలా తామే చెప్పింది వాళ్లు మరిచిపోరు.

ప్రశ్న: నాడీ రోగుల కండరాల బిగుతు (స్పాస్టిసిటీ) కొలిచే మాడిఫైడ్ ఆష్‌వర్త్ స్కేలు నేర్పుతున్నాను. ఒకే రోగికి ఐదుగురు విద్యార్థులు నాలుగు రకాల గ్రేడ్లు ఇస్తున్నారు. లోపం స్కేలులోనా, నేర్పడంలోనా?

జవాబు: రెండింటిలోనూ ఉంది. నేర్పడంలో ఉన్నదాన్ని సరిదిద్దుకోగలం కాబట్టి ముందు అది చూద్దాం.

1987లో బోహానన్, స్మిత్ పాత ఆష్‌వర్త్ స్కేలును సవరించి 1 కీ 2 కీ మధ్య '1+' చేర్చారు. దాంతో 0, 1, 1+, 2, 3, 4 అని ఆరు గ్రేడ్లయ్యాయి. విద్యార్థులు ఎక్కువగా తడబడేది 1 దగ్గర, 1+ దగ్గర. తేడా ఇది: చెయ్యి చాపుతుంటే ఒకచోట కండరం పట్టుకుని వదిలేసినా, లేదా కదలిక చివర్లో మాత్రమే కొద్దిగా అడ్డం తగిలినా 1. పట్టుకున్న తర్వాత మిగిలిన దారంతా, అంటే కదలికలో సగం కంటే తక్కువ భాగంలో, కొద్దిపాటి అడ్డం కొనసాగితే 1+. కదలికలో ఎక్కువ భాగం అడ్డం తెలుస్తున్నా చెయ్యి సులువుగానే కదులుతుంటే 2. ఈ మూడు వాక్యాలు గోడ మీద అంటించి ఉంచండి.

తర్వాత చేతి పని చూడండి. గ్రేడ్లు చెదిరిపోవడానికి నాలుగు కారణాలు తరచుగా కనిపిస్తాయి. మొదటిది వేగం. మోచేతిని పూర్తి ముడుపు నుంచి పూర్తి చాపు దాకా సుమారు ఒక సెకనులో తీసుకెళ్లాలి. ఒకరు మూడు సెకన్లు, ఇంకొకరు అర సెకను తీసుకుంటే గ్రేడ్లు కలవవు. బిగుతుకు 1980లో లాన్స్ ఇచ్చిన నిర్వచనమే వేగాన్ని బట్టి పెరిగే అడ్డం అని చెబుతుంది. లయ తప్పకుండా టిక్‌టిక్‌మనే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 దెబ్బలకు పెట్టి, ఒక దెబ్బ నుంచి తర్వాతి దెబ్బకు కదలిక పూర్తయ్యేలా చేయించండి. రెండోది మళ్లీ మళ్లీ చేయడం. ఒకే చేతిని ఐదుగురు వరసగా చాపితే ఐదో వ్యక్తికి అందేది మొదటివారికి అందిన కండరం కాదు, సాగి సడలిన కండరం. ఒక్కొక్కరు ఒకటి రెండు సార్లకు మించి చేయకూడదు, మధ్యలో విరామం ఇవ్వాలి, ఎవరు ముందో రోజూ మార్చాలి. మూడోది పట్టు. ముంజేతిని పట్టుకోవాల్సిన వేళ్లు పై చేతి ముందున్న కండరం మీద నొక్కితే ఆ నొక్కే అదనపు సంకోచం తెప్పించవచ్చు. నాలుగోది రోగి భంగిమ. వెల్లకిలా పడుకోబెట్టి, తల నిటారుగా మధ్యలో ఉంచి కొలవాలి. నిన్న కూర్చోబెట్టి, ఈరోజు పడుకోబెట్టి కొలిచిన గ్రేడ్లను పోల్చకూడదు.

ఇక స్కేలు లోపం. బిగుసుకుపోయి కుదించుకున్న కండరాన్నీ, ప్రతిక్షేపం (రిఫ్లెక్స్, అంటే మన ప్రమేయం లేకుండా నాడులు ఇచ్చే స్పందన) వల్ల బిగిసే కండరాన్నీ ఆష్‌వర్త్ వేరుచేయలేదు. దానికి టార్డ్యూ పద్ధతి కూడా నేర్పండి. కీలును వీలైనంత నెమ్మదిగా పూర్తిగా కదిపి, ఆగిన కోణాన్ని గోనియోమీటరుతో (కీలు కోణం కొలిచే సాధనం) కొలిచి రాయాలి, ఇది ఆర్2. తర్వాత వేగంగా కదిపి, పట్టుకున్న చోటు కోణం రాయాలి, ఇది ఆర్1. రెండింటి మధ్య తేడా పెద్దదైతే ప్రతిక్షేపం పాలు ఎక్కువ, బిగుతు తగ్గించే మందు వల్ల మేలు జరిగే అవకాశం ఉంది. తేడా దాదాపు లేకుండా కదలికే తగ్గి ఉంటే కండరం పొట్టిదైపోయింది. అప్పుడు స్ప్లింట్లు, ఎక్కువసేపు సాగదీసి ఉంచే భంగిమల గురించి ఆలోచించాలి. ఆ ఒక్క తేడాను బట్టి చికిత్స దారే మారుతుందని తెలిసిన విద్యార్థి కోణం రాయడానికి బద్ధకించడు.

ప్రశ్న: మంచం మీది నుంచి వీల్‌చైర్‌లోకి మార్చడం ల్యాబులో అందరూ బాగా చేస్తారు. వార్డుకు వెళ్లగానే రోగిని చంకల కింద పట్టి ఎత్తేస్తున్నారు. ఎక్కడ తేడా వస్తోంది?

జవాబు: ల్యాబులో రోగి వేషం వేసేది ఆరోగ్యంగా ఉన్న తోటి విద్యార్థి. స్నేహితుడు పడిపోకూడదని తనే లేచి నిలబడతాడు, చేసేవాడు తానే నిలబెట్టాననుకుంటాడు. మూలం అక్కడే ఉంది. రోగి వేషం వేసేవారి ఒక మోకాలికి వంగకుండా బ్రేస్ కట్టి, అదే వైపు చేతిని స్లింగులో పెట్టి, ఆ కాలి మీద బరువు వేయవద్దని చెప్పండి. ఎత్తులో, బరువులో తేడా ఉన్నవారిని జతకట్టండి. ప్రతి జట్టులో ముగ్గురుండాలి: చేసేవారు, రోగి, పట్టికలో టిక్ పెట్టే పరిశీలకులు. మూడో మనిషి నేర్చుకునేది తక్కువేమీ కాదు. పొరపాటు అందరికంటే ముందు కనిపించేది ఆ మనిషికే.

పని మొదలవక ముందే గెలుపోటములు తేలిపోతాయి. వీల్‌చైర్ మంచానికి 30 నుంచి 45 డిగ్రీల కోణంలో, మొదట్లో రోగి బలమైన వైపు. రెండు బ్రేకులు వేసి, చైర్‌ను తోసి చూడాలి. పాదాలు పెట్టే పలకలు పక్కకు తీసేయాలి, లేకపోతే చీలమండ వాటికి కొట్టుకుంటుంది. మూత్రం గొట్టం, సెలైన్ గొట్టం ఎటు వేలాడుతున్నాయో చూడాలి. మంచం ఎత్తు పెంచితే లేవడం సులువవుతుంది. మొదటి రోజు దాన్ని కాస్త ఎత్తులో ఉంచి, రోగి గట్టిపడే కొద్దీ దించుతూ వస్తే అదే కసరత్తు అవుతుంది. ఎన్నాళ్లుగానో పడుకుని ఉన్న రోగి అయితే ముందు కూర్చోబెట్టి బీపీ చూడాలి. నిలబడిన మూడు నిమిషాల లోపు పై సంఖ్య 20, లేదా కింది సంఖ్య 10 పడిపోతే అది భంగిమ మారడం వల్ల వచ్చే బీపీ పతనం. అలాంటి రోగిని నడిపించబోవడం ప్రమాదం.

తర్వాత లేవడం. రోగి పిరుదులను మంచం అంచుకు జరపాలి. మోకాలి నుంచి నేలకు ఒక దారం వేలాడదీసినట్టు ఊహిస్తే, చీలమండ దానికి సుమారు 10 సెం.మీ. వెనక ఉండాలి. బలహీనమైన పాదం ముందుకు జారి ఉందంటే రోగి మొత్తం బరువు మంచి కాలి మీదే వేస్తాడు. ఆ పాదాన్ని సర్దకుండా 'లేవండి' అనడం దాదాపు ప్రతి కొత్త విద్యార్థీ చేసే తప్పు. నడుం నిటారుగా ఉంచి తుంటి దగ్గర ముందుకు వంగాలి, ముక్కు కాలివేళ్లను దాటాలి. ఇక్కడ రెండో పెద్ద తప్పు జరుగుతుంది. థెరపిస్టు మరీ దగ్గరగా ఎదురుగా నిలబడితే రోగికి ముందుకు వంగే చోటే ఉండదు. వంగలేని రోగి లేవలేడు, లేవలేనివాణ్ణి విద్యార్థి ఎత్తుతాడు. అంటే చంకల కింద చేతులు వెళ్లడం రోగం కాదు, రోగ లక్షణం. అసలు కారణం అంతకు రెండు క్షణాల ముందు, థెరపిస్టు నిలబడిన చోటులో ఉంది. కాస్త పక్కకు, బలహీనమైన వైపు నిలబడి, ఒక చెయ్యి గెయిట్ బెల్టు (పట్టుకోవడానికి రోగి నడుముకు కట్టే పట్టీ) కింద నుంచి పట్టి, రెండో చెయ్యి బలహీనమైన మోకాలి పైభాగం మీద ఉంచి, ఆ పాదంలోకి బరువు దిగేలా ముందుకూ కిందికీ దారి చూపాలి. పడిపోయిన చేతిని పట్టి లాగడం ఎప్పుడూ పనికిరాదు. కండరాల పట్టు లేని భుజం కీలు కొంత కిందికి జారి ఉంటుంది. ఒక్క లాగుతో అక్కడ నెలల తరబడి తగ్గని నొప్పి మొదలుకావచ్చు.

నేర్పే వరస కూడా ముఖ్యం. పేటన్ పేరుతో ప్రచారంలో ఉన్న నాలుగు మెట్ల పద్ధతి ఈ పనికి బాగా నప్పుతుంది. మొదట మామూలు వేగంతో, ఒక్క మాటా మాట్లాడకుండా చేసి చూపండి. రెండోసారి ముక్కలు చేస్తూ, ప్రతి ముక్కకూ కారణం చెబుతూ చేయండి. మూడోసారి విద్యార్థి నోటితో చెబితే మీరు చేయండి. నాలుగోసారి విద్యార్థి చెబుతూ చేయాలి. సమయం చాలదని చాలామంది మూడో మెట్టు వదిలేస్తారు. వదలకూడనిది అదే. విద్యార్థి 'పాదం వెనక్కి' అనడం మరిచిపోతే మీరు పాదాన్ని ముందే ఉంచి ప్రయత్నించండి. లేవలేక మీరు ఆగిపోయిన ఆ క్షణంలో వాళ్లకు అర్థమయ్యేది పది ఉపన్యాసాల్లో అర్థం కాదు.

ప్రశ్న: సిలబస్‌లో బోబాత్, బ్రన్‌స్ట్రామ్, పీఎన్ఎఫ్ అనే పాత చికిత్స పద్ధతులు ఇంకా ఉన్నాయి. ఇవన్నీ పాతవైపోయాయని కొత్త పరిశోధన పత్రాలు అంటున్నాయి. నేర్పాలా, వదిలేయాలా?

జవాబు: నేర్పండి. 'ఇది పద్ధతి, ఇలా చేయాలి' అని మాత్రం వద్దు. 'అప్పట్లో ఇలా అనుకున్నారు, అందుకని ఇలా చేశారు, తర్వాత ఇది తేలింది' అని నేర్పండి. బెర్టా బోబాత్, కారెల్ బోబాత్, సిగ్నే బ్రన్‌స్ట్రామ్, పీఎన్ఎఫ్ వెనకున్న కాబట్, నాట్, వాస్ అందరూ తమ కాలపు నాడీశాస్త్రం మీద కట్టుకుంటూ వచ్చారు. మెదడు పై అంతస్తు దెబ్బతింటే కింది అంతస్తు ప్రతిక్షేపాలు అదుపు తప్పుతాయని అప్పటి నమ్మకం. అందుకే ముందు బిగుతు సర్దాలి, తర్వాతే పని నేర్పాలి అన్నారు. బలం పెంచే వ్యాయామం చేయిస్తే బిగుతు పెరుగుతుందని దశాబ్దాలపాటు భయపడ్డారు. తర్వాతి పరిశోధనల్లో ఆ భయం నిలబడలేదు. పక్షవాత రోగికి కండరబలం పెంచడం ఇప్పుడు మామూలు చికిత్సలో భాగం. 1982లో కార్, షెపర్డ్ ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన పునర్నేర్పు పద్ధతి, రోగికి కావలసిన పనినే సాధన చేయించమంది. నేటి పని ఆధారిత శిక్షణ ఆ దారిలోనే నడుస్తోంది.

అయితే పాతవాటిలో మిగుల్చుకోవలసిన సరుకు బోలెడుంది. కోలుకునే దశలను బ్రన్‌స్ట్రామ్ వర్ణించిన తీరు వార్డులో ఇప్పటికీ అందరికీ అర్థమయ్యే భాష. 1975లో వచ్చిన ఫూగల్-మేయర్ పరీక్ష ఆ దశల ఆలోచన మీదే నిలబడింది. అందులో చేతికి 66, కాలికి 34, కలిపి 100 మార్కులు. పీఎన్ఎఫ్‌లోని లయబద్ధ స్థిరీకరణ (థెరపిస్టు మార్చి మార్చి తోస్తుంటే రోగి కదలకుండా నిలదొక్కుకోవడం) కూర్చున్నప్పుడు నడుం నిలపడానికి ఈరోజుకీ ఉపయోగమే. బోబాత్ సంప్రదాయం నేర్పిన చూపు, అంటే కదలికలో ఏ భాగం తప్పుతోందో పట్టే కన్ను, ఏ పద్ధతిలో పనిచేసేవారికైనా అవసరం.

కొత్తవాటిని కూడా అదే తీరున ప్రశ్నించడం నేర్పాలి, లేకపోతే ఒక గురుభక్తి పోయి ఇంకొకటి వస్తుంది. పక్షవాతం వచ్చిన 24 గంటల్లోపే రోగిని మంచం దించి ఎక్కువసార్లు కదిలిస్తే మేలని చాలామంది నమ్మారు. రెండువేల మందికి పైగా రోగులతో జరిగిన అవర్ట్ పరీక్ష 2015లో వెలువడింది. అంత త్వరగా, అంత ఎక్కువగా కదిలించినవారిలో మూడు నెలలకు మంచి ఫలితం తగ్గిందని తేలింది. శరీర బరువును తాళ్లతో మోస్తూ ట్రెడ్‌మిల్ మీద నడిపించడం గొప్పదనుకున్నారు. 2011లో లీప్స్ పరీక్ష, ఇంటి దగ్గర థెరపిస్టు చేయించే క్రమబద్ధ వ్యాయామంతో పోలిస్తే ఏడాది తర్వాత నడకలో తేడా లేదని చూపింది. ఈ రెండింటినీ తరగతిలో ముందు ఫలితం చెప్పకుండా పెట్టండి. 'మీరేం ఆశిస్తారు, ఎందుకు?' అని రాయించి, తర్వాత ఫలితం చూపండి.

ప్రశ్న: మా విద్యార్థులు చికిత్స పత్రంలో 'చేతి వ్యాయామాలు, 30 నిమిషాలు' అని రాస్తారు. మోతాదు ఎలా రాయించాలి?

జవాబు: నిమిషాలు చెప్పేది రోగి గదిలో ఎంతసేపు ఉన్నాడో మాత్రమే. ఎన్నిసార్లు కదిలాడో రాయించండి. 2009లో లాంగ్, ఆమె సహచరులు పక్షవాత చికిత్సను గమనించి లెక్కపెట్టారు. చేతి సాధన జరిగిన ఒక సెషన్‌లో పని సంబంధమైన కదలికలు సగటున 32, నడక సెషన్‌లో అడుగులు సగటున 357. జంతు ప్రయోగాల్లో మెదడు మార్పులు కనిపించినప్పుడు చేయించినవి రోజుకు వందల కొద్దీ. ఆ అంతరం చూశాక గంటలో 300 సార్లు చేయించడం సాధ్యమేనని తర్వాత నిరూపించారు.

చేసే తీరు ఇది. రోగికి కావలసిన మూడు పనులు ఎంచుకోవాలి, ఒక్కోటి వందసార్లు. గ్లాసు అందుకుని అల్మరాలో పెట్టడం ఒకటనుకుందాం. అందుకోవడం, పట్టడం, జరపడం, వదలడం కలిపి ఒకసారి. విద్యార్థి చేతిలో నొక్కే లెక్క యంత్రం ఉండాలి. వంద మరీ సులువుగా అయిపోతే అల్మరా ఎత్తు, గ్లాసు బరువు లేదా దూరం మార్చాలి. సగం సార్లయినా కుదరకపోతే తగ్గించాలి. మణికట్టును, వేళ్లను కాస్తయినా చాపగలిగే రోగికి నిర్బంధ ప్రేరిత చికిత్స, అంటే మంచి చేతిని కట్టడి చేసి బలహీనమైన చేతినే వాడించడం, కూడా ఆలోచించవచ్చు. 2006లో ఫలితాలు వెలువడిన ఎక్సైట్ పరీక్షలో ఎక్కువ కదలిక ఉన్న వర్గానికి పెట్టిన హద్దు మణికట్టు వద్ద కనీసం 20 డిగ్రీలు, వేళ్ల కీళ్ల వద్ద 10 డిగ్రీలు. మంచి చేతికి మెలకువగా ఉండే సమయంలో 90 శాతం మిట్ (వేళ్లు విడివిడిగా లేని తొడుగు) తొడిగించి, రెండు వారాలు బలహీనమైన చేతితో సాధన చేయించారు.

సంఖ్యను కూడా దేవుణ్ణి చేయకండి. అదే లాంగ్ బృందం పక్షవాతం వచ్చి కనీసం ఆరు నెలలైనవారిలో 3,200, 6,400, 9,600 సార్లు చేసిన జట్లను పోల్చి 2016లో ప్రకటించింది. ఎక్కువ చేసినవారు ఎక్కువ బాగుపడలేదు. విద్యార్థికి చెప్పాల్సింది ఇది: లెక్క పెట్టు, ఎందుకంటే లెక్కలేని చికిత్సను మార్చడం కుదరదు. ఏం చేయించావో, ఎంత కష్టంలో చేయించావో దాని పక్కనే రాయి.

ప్రశ్న: నాన్నగారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆయన ఉన్నచోట విద్యార్థులు వచ్చి వ్యాయామం చేయిస్తున్నారు. వద్దనవచ్చా? అడిగితే ఆయన తలూపుతున్నారు గానీ నాకు నమ్మకం లేదు.

జవాబు: వద్దనవచ్చమ్మా. ఆ కారణంగా చికిత్సలో ఏ లోటూ రాకూడదు. ఇది ఉపకారం కాదు, రోగి హక్కు. మీ అనుమానం కూడా సరైనదే. మాట పోయినవారిలో కొందరు అర్థం కాకపోయినా తలూపుతారు. ఒకే విషయాన్ని రెండు వైపుల నుంచీ అడగాలి. 'విద్యార్థి చేయించవచ్చా?' అని అడిగి, కాసేపాగి 'సార్ మాత్రమే చేయించాలా?' అనండి. రెండింటికీ తలూపితే ఆయనకు ప్రశ్న అందలేదు. చిన్న వాక్యాలు వాడండి, విద్యార్థినీ థెరపిస్టునూ వేలితో చూపుతూ అడగండి, జవాబుకు పది సెకన్లయినా ఆగండి.

ఒప్పుకుంటే మూడు విషయాలు అడగండి. బాధ్యుడైన థెరపిస్టు చేతికందే దూరంలో ఉంటారా? రోజుకో కొత్త ముఖం కాకుండా కొన్ని రోజులు ఒకే విద్యార్థి వస్తారా? ఆయన అలసిపోయారని మీరంటే ఆపుతారా? ఒకసారి ఒప్పుకున్నా ఏ రోజైనా మానుకోవచ్చు. ఇది చదివే అధ్యాపకులకు ఒక మాట: తరగతి ముందు రోగిని ప్రదర్శించేటప్పుడు ఆ రోజు, ఆ పనికి విడిగా అనుమతి తీసుకోండి. అవసరమైనంత మేర మాత్రమే బట్టలు తొలగించండి. ఆయన గురించి ఆయన ఎదుటే 'ఈ కేసు' అనకండి.

ప్రశ్న: బలమైన చేత్తో తోసుకుంటూ పడిపోయిన వైపే ఒరిగిపోయే రోగి దగ్గర మా విద్యార్థిని చాలా ఇబ్బంది పడింది. ఎప్పుడు కల్పించుకోవాలి, ఎప్పుడు ఆగి చూడాలి?

జవాబు: ఈ 'పుషర్' ప్రవర్తన బోధకుడికీ పరీక్షే. విద్యార్థి సహజంగా రోగిని మధ్యకు తోస్తుంది. రోగి ఇంకా గట్టిగా ఎదురు తోస్తాడు. ఇద్దరూ అలిసిపోతారు. కారణం తెలిస్తే ఈ పెనుగులాట ఆగుతుంది. 2000లో కార్నత్, ఆయన సహచరులు చూపినదేమంటే, ఈ రోగులకు శరీరం మంచి వైపు సుమారు 18 డిగ్రీలు ఒరిగి ఉన్నప్పుడు నిటారుగా ఉన్నట్టు అనిపిస్తుంది. కాబట్టి నిజంగా నిటారుగా ఉంచితే పడిపోతున్నట్టు భయపడతాడు. అయితే కంటితో చూసే నిలువు దాదాపు సరిగానే ఉంటుంది. దారి అక్కడే ఉంది. తలుపు చట్రాన్నో కిటికీ అంచునో చూపి, 'మీరు దానికి సమానంగా ఉన్నారా?' అని రోగినే అడగాలి. తాను ఒరిగానని తానే గుర్తించాలి. తర్వాత మంచి వైపు ఉన్న వస్తువును అందుకోమంటే, తోయకుండానే బరువు అటు వస్తుంది. విద్యార్థిని కూడా మంచి వైపు కూర్చుని 'నా భుజానికి ఆనండి' అనవచ్చు. తోసే చెయ్యి మంచాన్ని పట్టుకుని ఉంటే దాన్ని ఒళ్లో పెట్టించాలి. నడిపించడానికి తొందరపడవద్దు.

కల్పించుకోవడానికి ముందుగానే గీత గీసుకోండి. రోగి దగ్గరికి వెళ్లేముందు విద్యార్థిని మూడు అడగండి: ఈ రోగికి ఏది ప్రమాదం, దాని మొదటి గుర్తు ఏంటి, అది కనిపిస్తే నీ చెయ్యి ఎక్కడికి వెళ్తుంది? ఛాతీ ఆరో స్థాయి, లేదా దానికంటే పైన వెన్నుపాము దెబ్బతిన్న రోగి అయితే అదుపు తప్పే బీపీ గురించి ఆమె నోటితోనే చెప్పాలి: హఠాత్తుగా తలనొప్పి, గాయం పైభాగంలో చెమట, ముఖం ఎర్రబడటం, పెరుగుతున్న బీపీ. వెంటనే నిటారుగా కూర్చోబెట్టి, బిగుతైన బట్టలు వదులు చేసి, మూత్రం గొట్టం మెలికపడిందేమో చూస్తూ సాయం పిలవాలి. అది చెప్పలేని విద్యార్థిని ఆ రోజు ఆ రోగి దగ్గరికి పంపకూడదు. ప్రమాదం ఉంటే మాట లేకుండా మీ చెయ్యి వెళ్లాలి. ప్రమాదం లేక పని మాత్రమే వికృతంగా ఉంటే ఇరవై సెకన్లు ఆగండి. తనే సర్దుకునే అవకాశం మీ చెయ్యి లాక్కోకూడదు.

తర్వాతి మాట రోగి మంచం దగ్గర కాదు, బయట. ముందు ఆమె ఏం జరిగిందనుకుంటోందో చెప్పించండి, ఏం చూసి అలా అనుకుందో అడగండి. తర్వాత సరిగా చేసిన ఒకదాన్ని, మార్చాల్సిన ఒకదాన్ని చెప్పండి. ఏడు తప్పులు ఒకేసారి చెబితే రేపటికి ఒక్కటీ మిగలదు.

ప్రశ్న: ప్రాక్టికల్ పరీక్షల్లో మార్కులు పరీక్షకుణ్ణి బట్టి మారుతున్నాయి. నిలకడ ఎలా తేవాలి?

జవాబు: హార్డెన్ 1975లో పరిచయం చేసిన ఓఎస్‌సీఈ (విద్యార్థులు ఒక్కో కేంద్రంలో ఒక్కో పని చేసి చూపే నైపుణ్య పరీక్ష) తరహా కేంద్రాలు పెట్టండి. ప్రతి విద్యార్థికీ అదే పని, అదే సమయం, అదే పట్టిక. పట్టికలో 'నడక బాగా కొలిచాడు' అని రాయకండి, కంటికి కనిపించేది రాయండి. పది మీటర్ల నడకను తీసుకోండి. 2, 8 మీటర్ల గుర్తుల మధ్య ఆరు మీటర్లకే సమయం చూసే పద్ధతిలో, ముందు పాదం 2 గుర్తు దాటగానే గడియారం నొక్కాడా? 8 దాటగానే ఆపాడా? రోగికి అర అడుగు వెనక నడిచాడా? ముందు నడిస్తే వేగాన్ని థెరపిస్టే నిర్ణయించినట్టు. ఆరును సమయంతో భాగించాడా? ఆరు మీటర్లకు 12 సెకన్లు పడితే సెకనుకు 0.5 మీటర్లు. కంగారులో చాలామంది పదిని భాగిస్తారు, జవాబు 0.83 వస్తుంది. 0.8 దాటితే బయట స్వేచ్ఛగా తిరగగలడని లెక్క కాబట్టి ఆ చిన్న పొరపాటు గడప దాటితే ఇబ్బందిపడే రోగిని ఒంటరిగా రోడ్డు మీదికి పంపుతుంది. ఈ అంశానికి మార్కు ఎక్కువ పెట్టండి. పరీక్షకు ముందు పరీక్షకులందరూ ఒకే వీడియోకు విడివిడిగా మార్కులు వేసి, తేడా వచ్చిన అంశాల గురించి మాట్లాడుకోవాలి.

ప్రశ్న: పూర్తికాల అధ్యాపకుణ్ణయ్యాక రోగులను చూడటం మానేయవచ్చా?

జవాబు: మానకండి. వారానికి ఒక పూట అయినా ఉంచుకోండి. అది కుదరని సెమిస్టరులో వార్డులో విద్యార్థుల పర్యవేక్షణ మీ పేరునే వేయించుకోండి. మొదట మందగించేది చేతుల బలం కాదు, రోగి లేవబోయే ముందు పాదం ఎక్కడుందో చూసే కన్ను. రెండు నెలలకోసారి తోటి అధ్యాపకుడితో కలిసి ఒకే రోగికి బెర్గ్ సంతులన పరీక్ష విడివిడిగా చేయండి. పద్నాలుగు అంశాలు, ఒక్కోటి 0 నుంచి 4, మొత్తం 56. ఏ అంశంలో మీ ఇద్దరి మార్కు కలవలేదో ఆ నెల మీ తరగతిలో దాన్నే పాఠంగా తీసుకోండి.